తెరమీద తెల్లగా, ప్రింటులో నల్లగా

ప్రశ్న: పెళ్లి ఫొటోలు కంప్యూటర్లో కళకళలాడుతున్నాయి. ల్యాబ్ నుంచి ఆల్బమ్ వచ్చాక చూస్తే మొహాలు నల్లబడి ఉంటున్నాయి, రాయల్ బ్లూ పట్టుచీర ఊదాకు తిరుగుతోంది. మానిటర్ కాలిబ్రేట్ చేస్తే (రంగులు, వెలుగు కొలిచి సరిచేస్తే) సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఈ రెంటికీ కారణాలు వేరు. మొహాలు నల్లబడటానికి ల్యాబ్‌ని తప్పుపట్టే ముందు మీ మానిటర్ బ్రైట్‌నెస్ చూడండి. చాలా మానిటర్లు ఫుల్ బ్రైట్‌నెస్‌లో చదరపు మీటరుకు 250 నుంచి 350 క్యాండెలాలు (వెలుగు కొలమానం) ఇస్తాయి. ప్రింటుకి పనిచేసేటప్పుడు 80 నుంచి 120 చాలు. ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఫొటో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి మీరు ఎడిటింగ్‌లో ఇంకాస్త తగ్గిస్తారు. కాగితానికి సొంత వెలుగు లేదు, తగ్గించినంతా ప్రింటులో బయటపడుతుంది.

కాలిబ్రేషన్‌కి స్పైడర్, కాలిబ్రైట్ లాంటి కలరీమీటర్ (తెరకు ఆనించి రంగులు కొలిచే సెన్సర్) కావాలి. కంటితో సరిచేద్దామంటే కుదరదు, ఏ తెలుపుకైనా కన్ను ఇట్టే అలవాటు పడిపోతుంది. ముందు మానిటర్‌ను అరగంట ఆన్‌లో ఉంచండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, విండోస్‌లో నైట్ లైట్ ఆపేయండి. దాని సాఫ్ట్‌వేర్‌లో వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) 6500 కెల్విన్, గామా (మధ్య ఛాయల వెలుగు) 2.2, బ్రైట్‌నెస్ 100 క్యాండెలాలు పెట్టండి. తెరను కాస్త వెనక్కి వంచితే సెన్సర్ సందు లేకుండా ఆనుతుంది. సందులోంచి గదిలో వెలుగు చొరబడితే నలుపు కొలత చెడుతుంది. చివర్లో తయారయ్యే ప్రొఫైల్‌ను (మీ తెర రంగుల వివరాలున్న ఫైలు) విండోస్ డిఫాల్ట్‌గా తీసుకుందో లేదో చూసుకోండి. నెలకోసారి మళ్లీ చేయాలి.

పరికరం కొనేదాకా ఒక ఉపాయం: ఫొటోషాప్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, మీరు ప్రింట్లు చూసే లైటు కింద తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకోండి. రెండూ ఒకేలా వెలిగేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. రంగులు సరికావు గానీ, నలుపు సమస్య చాలావరకు తీరుతుంది.

ఇక చీర. తెర చూపించే గాఢమైన నీలం ఇంకులకు, ఫొటో పేపర్‌కు అందదు. అందని రంగుని అవి దగ్గర్లో ఉన్న ఊదాకు నెట్టేస్తాయి, మడతల్లోని వివరమూ పోతుంది. ఎంత కాలిబ్రేట్ చేసినా ఇది ఆగదు. ల్యాబ్‌ని వాళ్ల పేపర్ ఐసీసీ ప్రొఫైల్ (ఆ పేపర్‌పై ఏ రంగు ఎలా వస్తుందో చెప్పే ఫైలు) అడగండి. ఫొటోషాప్‌లో వ్యూ, ప్రూఫ్ సెటప్, కస్టమ్‌లో దాన్ని ఎంచుకుంటే కంట్రోల్ వై నొక్కినప్పుడు ప్రింటులో రాబోయే రంగు తెరమీదే కనిపిస్తుంది. నీలం ఒక్కదాని సాచురేషన్ (గాఢత) కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి, మడతలు తిరిగొచ్చాక ఆపండి. ఫొటో మొత్తానికి తగ్గిస్తే పెళ్లికూతురి మొహంలో పసుపు ఛాయ కూడా పోతుంది.

ల్యాబ్ వేరే చెప్పకపోతే ఫైలును ఎస్‌ఆర్‌జీబీలోకి (మామూలుగా వాడే రంగుల పరిధి) కన్వర్ట్ చేసి పంపండి. అంతకంటే విశాలమైన పరిధి ఉన్న అడోబ్ ఆర్‌జీబీ ఫైలును ల్యాబ్ మెషిన్ ఎస్‌ఆర్‌జీబీ అనుకుని వేస్తే రంగులు పాలిపోతాయి. ల్యాబ్ మెషిన్ తనంతట తాను రంగులు మార్చే ఆటో కరెక్షన్ వద్దని ఆర్డర్లో రాయండి. అది ఆన్‌లో ఉంటే మీ కష్టమంతా వృథా.

ప్రశ్న: మానిటర్ కాలిబ్రేట్ చేశాను. అయినా ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌పై మొహాలు గులాబీ రంగు పూసినట్టు వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల్లో (నాజిల్స్) ఏదైనా మూసుకుపోయిందేమో ముందు నాజిల్ చెక్ అనే పరీక్ష గీతల పేజీ వేయండి. గీతలన్నీ తెగకుండా వస్తే, రంగుల సవరణ రెండుసార్లు జరుగుతుండొచ్చు: ఫొటోషాప్ ఒకసారి, ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్ సాఫ్ట్‌వేర్) మరోసారి. ప్రింట్ విండోలో ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్ ఎంచుకుని, మీ పేపర్ ప్రొఫైల్ ఇవ్వండి. డ్రైవర్లో నో కలర్ అడ్జస్ట్‌మెంట్ పెట్టండి. పేపర్ టైప్ కూడా సరిగ్గా ఉండాలి, గ్లాసీ బదులు ప్లెయిన్ అని ఉంటే ఇంకు పరిమాణమే మారిపోతుంది. ప్రింటు వచ్చిన వెంటనే తీర్పు చెప్పొద్దు, ఒక రోజు ఆరనివ్వండి. ఆ తర్వాత పసుపు బల్బు కింద కాకుండా, 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సంఖ్య) 90 దాటిన ఎల్‌ఈడీ కింద గానీ, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర గానీ చూడండి.