పగలంతా బొమ్మలే, రాత్రి కూడా బొమ్మలేనా?

ప్రశ్న: సార్, మాది తెనాలి. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఎంసెట్ వద్దని పట్టుబట్టి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్ చదివింది. ఇప్పుడు 25 ఏళ్ళు. మూడేళ్ళుగా ఒక యాడ్ ఏజెన్సీలో గ్రాఫిక్ డిజైనర్, జీతం 34 వేలు. పగలంతా ఆఫీసులో బొమ్మలే, రాత్రి రూముకొచ్చి మళ్ళీ ఏవో అక్షరాలు గీస్తూ కూర్చుంటుంది. ఆదివారం వస్తే పాత బజార్లలో తిరిగి షాపుల బోర్డులకు ఫోటోలు తీస్తుంది. పైసా రాదు. ఆమె నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫోటో తీసి పంపుతున్నాను, పేజీ అంతా ఒకే అక్షరం, మీరే చూడండి. ఆ టైములో యూఎక్స్ కోర్సు (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ళకి తేలిగ్గా ఉండేలా డిజైన్ చేయడం) చేసుకోవచ్చు కదా అంటే వినదు. ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) చేయించాలా, యూఎక్స్ కోర్సా, రెండూ పోల్చి చెప్పండి. నేనూ వయసులో నాటకాలు వేసేవాణ్ణి, ఉద్యోగం రాగానే మానేశాను, ఏమీ నష్టపోలేదు.

జవాబు: సార్, ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, పిల్లల పేర్లు మారతాయి. ఒకసారి వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో పనిచేసే అబ్బాయి రాత్రుళ్ళు కామిక్స్ వేస్తుంటాడు, ఇంకోసారి టీవీ చానెల్లో ఎడిటింగ్ చేసే అమ్మాయి తన షార్ట్ ఫిల్మ్ కోసం ఉన్న సెలవులన్నీ వాడేస్తుంది. తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఎప్పుడూ కోర్సు గురించే. లోపలి భయం వేరే ఉంటుంది. ఇంజనీరింగ్ చదివించకుండా ఈ లైన్లోకి పంపి తప్పు చేశానా, ఆఫీసు పని నచ్చకే రాత్రిళ్ళు ఇంకేదో చేస్తోందా, నచ్చకపోతే కట్టిన ఫీజులు, పెట్టిన హాస్టల్ ఖర్చులు అన్నీ దండగేనా అని. మీ టెన్షన్ ఇదే కదా? ముందు దానికే చెప్తాను. మీరు తప్పు చేయలేదు. బీఎఫ్‌ఏ చదివి, చదివిన లైన్లోనే ఉద్యోగం తెచ్చుకుని, మూడేళ్ళు నిలబడి, ఇప్పటికీ ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకోవాలని అనిపిస్తున్న మనిషి గురించి నాకు బెంగ లేదు. పెన్సిల్ పట్టుకోవడం మానేసినవాళ్ళ గురించి నా దగ్గరికి ఉత్తరాలు రావు, వాళ్ళే వస్తారు, ముప్ఫై రెండో ముప్ఫై మూడో ఏట, ఏం చేయాలో తోచడం లేదు సార్ అంటూ.

ఆమె ఆఫీసులో ఏం చేస్తుందో మీరు ఎప్పుడైనా అడిగారా? నేనూ కొన్నాళ్ళు ఆ పనే చేశాను కాబట్టి చెప్తాను. వరలక్ష్మీ వ్రతం అనుకోండి. ఒక నగల షాపు, ఇద్దరు రియల్ ఎస్టేట్ వాళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, ఒక స్కూలు, అందరికీ ఒకే రోజు ఉదయం ఎనిమిదికల్లా పోస్టు పడాలి. అందరికీ అదే కలశం, అవే మామిడాకులు, మూలన లోగో. లోగో ఇంకొంచెం పెద్దది చేయమని ఒక ఫోన్, పెద్దది చేశాక ఎండీ గారి ఫోటో ఎక్కడ అని ఇంకో ఫోన్. ఫైలు పేరు ఫైనల్, తర్వాత ఫైనల్ టూ, తర్వాత ఫైనల్ ఫైనల్. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, జీతం దీనికే ఇస్తారు. డెడ్‌లైన్ అంటే ఏమిటో, క్లయింటు నోటితో ఒకటి చెప్పి మనసులో ఇంకొకటి ఎలా కోరుకుంటాడో నేర్పేది కూడా ఇదే. కాకపోతే రోజంతా పక్కవాళ్ళకు ఏది నచ్చుతుందా అని చూసే కంటికి, ఒక రెండేళ్ళకి, తనకు ఏది నచ్చుతుందో తెలియకుండా పోతుంది. ఈ మాట మీకు వింతగా ఉండొచ్చు. నాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను.

ఇక మీరు పంపిన పేజీ. ఒకే అక్షరం అన్నారు. అది 'క్ష్మి' సార్. లక్ష్మిలో క్ష్మి. నేను లెక్కపెట్టాను, 22 సార్లు ఉంది. పైన గుడి, కింద ష ఒత్తు, దాని వెనకాల మ ఒత్తు, ఇంత సామాను ఒక్క అక్షరం జాగాలో సర్దాలి. మ ఒత్తుని ధారాళంగా వేస్తే కింది లైనులోని తలకట్టుకు తగులుతుంది, నొక్కి చిన్నది చేస్తే దూరం నుంచి చదవలేం. ఆమె తీసుకున్న నమూనా ఏదో పాత షాపు బోర్డు అయ్యుండాలి, ఎందుకంటే ఆ పెయింటరు ఒత్తుని కిందికి దించకుండా కాస్త కుడి పక్కకి జరిపి, బ్రష్షు వెడల్పు అలాగే ఉంచాడు. పేజీలో మూడో వరస దాకా ఆమెకు అది పట్టుబడలేదు. నాలుగో వరసలో పట్టుకుంది. చివరి రెండూ చూడండి, ముచ్చటగా ఉన్నాయి. ఆఫీసులో ఇదే మాట ఫోటోషాప్‌లో యూనికోడ్‌లో టైపు చేస్తే, టైపు సెట్టింగు సరిగ్గా లేకపోతే, ఒత్తులు ఊడిపోయి అక్షరాలు పొల్లులతో విడివిడిగా పడతాయి. సరిచేసే టైము లేక చాలామంది యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లతో కానిచ్చేస్తారు. పగలు హడావిడిగా దాటేసిన అక్షరం దగ్గరే ఆమె రాత్రి తీరిగ్గా కూర్చుంటోంది. దీన్ని మీరు టైంపాస్ అంటున్నారు.

పోనీ ఆ అక్షరాల వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అంటారేమో. ఇంగ్లీషు ఫాంటుకి 26 పెద్దక్షరాలు, 26 చిన్నక్షరాలు, అంకెలు, గుర్తులు వేస్తే మొదటి గండం గడుస్తుంది. తెలుగుకి గుణింతాలు, ఒత్తులు, అవి కలిసే తీరు అన్నీ చూసుకుంటే వందల రూపాలు గీయాలి. అందుకే మనకి మంచి ఫాంట్లు తక్కువ. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవి రామభద్ర, మండలి, పెద్దన, గిడుగు లాంటివి కొన్ని ఉన్నాయి (తెనాలి రామకృష్ణ పేరుతోనూ ఒకటుంది, మీ ఊరివాడే కదా), సినిమా పోస్టరు నుంచి పార్టీ ఫ్లెక్సీ దాకా అవే తిరుగుతుంటాయి. బాపు గారు చదివింది లా, 1955లో మద్రాసులో బీఎల్ పట్టా. అదే ఏడాది పత్రికలో కార్టూనిస్టుగా చేరారు, తర్వాత యాడ్ ఏజెన్సీల్లోనూ పనిచేశారు. ఆయన చేతిరాత తర్వాత ఫాంటై కూర్చుంది, మీ ఇంటికొచ్చే శుభలేఖల్లో సగం దాంట్లోనే ఉంటాయి. వడ్డాది పాపయ్య గారు డ్రాయింగ్ మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే పత్రికల ముఖచిత్రాలు వేశారు. మీ అమ్మాయి అంతటిది అవుతుందని నేననడం లేదు, ఆ పోలిక నాకే ఇష్టం ఉండదు, పిల్లల నెత్తిన బండ పెట్టినట్టు ఉంటుంది. ఉద్యోగం ఒక పక్క, సొంత పని ఒక పక్క నడపడం మన దగ్గర ఎవరో కనిపెట్టిన కొత్త జబ్బు కాదని మాత్రం చెప్తున్నాను.

అయితే ఆమెకు కూడా నేను ఒక మాట చెప్పాలి, ఈ జవాబు ఆమెకు చూపించండి. అమ్మాయ్, ఈ పనిని అప్పుడే ఆదాయం చేయకు. సైడ్ ప్రాజెక్టు అంటే వెంటనే ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టాలి, రోజూ రీల్ వేయాలి, పర్సనల్ బ్రాండ్ కట్టుకోవాలి అని చెప్పే వాళ్ళు ఇప్పుడు వీధికొకరు ఉన్నారు. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. నేను అచ్చు పేజీలు డిజైన్ చేసే ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రుళ్ళు, అచ్చు వేయడానికి, లినోలియం షీటు ముక్కల మీద బొమ్మలు చెక్కేవాణ్ణి. ఎవరో చూసి శుభలేఖ మీద వేసివ్వమన్నారు, ఐదు వందలిచ్చారు. ఎగిరి గంతేశాను. తర్వాత వాళ్ళ తోడల్లుడు, తర్వాత వాళ్ళ ఆఫీసరు. ఒక మాఘమాసంలో పదకొండు పెళ్ళిళ్ళకి పదకొండు వినాయకులు చెక్కాను, చివరాయన తొండం అటు తిప్పమన్నాడు. పగలు లోగో పెద్దది చేసి రాత్రి తొండం తిప్పుతున్నానేమిట్రా అనిపించింది. ఆ ఉలి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కొబ్బరిచిప్పల మీద పెచ్చులు తీయడానికి మా ఆవిడ వాడుతుంది. కాబట్టి ఎవరూ అడగని పని, ఎవరికీ చూపించకపోయినా ఫరవాలేని పని, కనీసం ఒక్కటి ఉంచుకో. వారానికి రెండు రాత్రులు చాలు. రోజూ చేయాలని పంతం పట్టకు, అక్టోబరు నెలంతా రోజుకో బొమ్మ అని ఇంక్‌టోబర్‌లో దిగి పదో తారీఖుకి మానేసి, ఇక నా వల్ల కాదని దిగులుపడ్డ పిల్లల్ని చాలామందిని చూశాను. పగలంతా స్క్రీనే కాబట్టి రాత్రి కాగితం మీద గీయడం మంచి పని, అది నీకు నీవే కనిపెట్టావు.

ఇంకొకటి, ఇది తండ్రీకూతుళ్ళిద్దరూ చదవాల్సింది. ఆమె అపాయింట్‌మెంట్ లెటరు తీసి చూడండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. సొంత టైములో సొంతంగా చేసింది మామూలుగా మనదే. కానీ కొన్ని ఏజెన్సీలు 'ఉద్యోగకాలంలో సృష్టించినదంతా' అని ఒక లైను ఇరికిస్తాయి, బయట ఏ పనీ చేయకూడదనే క్లాజు కూడా పెడతాయి. అలాంటిదుంటే ఒక మెయిల్ రాసి, నా సొంత అక్షరాల పని ఇది, దీనికి అభ్యంతరం లేదని రాసివ్వండి అని అడగాలి. ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ లైసెన్సు దీనికి ముట్టుకోకూడదు. నోట్‌బుక్ పేజీల మీద తేదీ వేసుకోమనండి.

సరే, మీరడిగిన పోలిక. యూఎక్స్ కోర్సు సంగతి సూటిగా చెప్తాను, ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి. యూఎక్స్ మంచి వృత్తే, అందులో ఆసక్తి ఉన్నవాళ్ళకి. ఆరు నెలల కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం అనే ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. ఆ కోర్సులు చేసి వచ్చిన పోర్ట్‌ఫోలియోలు నా దగ్గర కట్టలున్నాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, ఒక మెడిటేషన్ యాప్, ఒక ట్రావెల్ యాప్. పేరు కొట్టేస్తే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు. ఇంటర్వ్యూ చేసేవాడికీ అది తెలుసు. పైగా బటన్లు, స్క్రీన్లు గీసే పని ఏఐ టూల్సు చేసిపెడుతున్న రోజుల్లో, ఫ్రెషర్లకి ముందే ఇరుకుగా ఉన్న గుమ్మం ముందు, ఇష్టం లేని మనిషిని లక్షలు కట్టి నిలబెడతానంటారా? మీ మేనల్లుడో పక్కింటివాళ్ళ అబ్బాయో యూఎక్స్‌లో బాగా సంపాదిస్తున్నాడని విని ఉంటారు. ప్రతి ఉత్తరం వెనకా ఒక మేనల్లుడు ఉంటాడు సార్, నాకు తెలుసు.

ఎం.డెస్. వేరు. రెండేళ్ళు ఉద్యోగం వదలాలి. దాని ప్రవేశానికి రాసే సీడ్ పరీక్ష వివరాలు ఎలాగూ ఆమె చూసుకునే ఉంటుంది, వాటి జోలికి పోను. ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూలు ఐడీసీలో అక్షరాల మీద నిజంగా పని చేసేవాళ్ళున్నారు, ఇటు కందిలో మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. సీడ్‌కి వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. అంటే 25 ఏళ్ళు దాటిపోతున్నాయని మీరు గాభరా పడాల్సింది ఏమీ లేదు. ఏజెన్సీలో చేసిన వ్రతం పోస్టులు ఇంటర్వ్యూలో పెద్దగా అక్కరకు రావు. ఆ 22 క్ష్మిలు వస్తాయి. తప్పులతో సహా ఆ పేజీ, పక్కన బోర్డు ఫోటో, నాలుగో వరసలో ఏం తెలిసిందో రెండు ముక్కలు. చివరి పోస్టరు ఎంత బాగున్నా దాని వెనక ఆలోచన కనబడదు, ఈ పేజీలో కనబడుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఈ ఏడే తేలాలని లేదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, పెద్దవారు, ఏమీ అనుకోవద్దు. ఆమెను అడక్కుండా ఆమె నోట్‌బుక్ ఫోటో తీసి నాలాంటి ఊరూ పేరూ తెలియనివాడికి పంపడం బాగాలేదు. అది ఆమె మీద ఫిర్యాదుకు సాక్ష్యంలా పంపారు. 34 వేల జీతంతో హైదరాబాద్‌లో తన అద్దె తను కట్టుకుంటూ, మీ దగ్గర రూపాయి అడగకుండా, ఆదివారం సుల్తాన్ బజార్‌లోనో జనరల్ బజార్‌లోనో ఎండలో తిరిగే పిల్ల మీద ఫిర్యాదా? ఆమె మిగతా ఆరు రోజులూ ఎన్నింటికి రూముకొస్తోందో, భోజనం చేస్తోందో లేదో రాయలేదు మీరు. పని ఎక్కువై అలసిపోతోందని రాసుంటే నా జవాబు ఇంకోలా ఉండేది.

నాటకాల సంగతి నేనడగలేదు, మీరే రాశారు. ఏమీ నష్టపోలేదన్న మనిషికి, కూతురి కోర్సు గురించి రాస్తుంటే చివర్లో అది ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలియదు. తెనాలి వాళ్ళకి పద్యం ఊరికే పోదని విన్నాను.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు కోర్సు ఫీజు, పెళ్ళి సంబంధం పక్కన పెట్టి ఆ లక్ష్మి బోర్డు ఏ సందులో దొరికిందో అడగండి. ఫోటో పంపినందుకు సారీ కూడా చెప్పండి. ఫ్లెక్సీలు రాకముందు చేత్తో రాసిన బోర్డులు మీ ఊళ్ళోనూ కొన్ని మిగిలి ఉంటాయి, ఏ కొట్టు మీద ఉన్నాయో, ఎవరు రాశారో ఆమె కంటే మీకే బాగా తెలుసు. ఒక నాలుగు ఫోటోలు తీసి పంపండి, ఎండ బోర్డు మీద నేరుగా పడని టైములో.