బ్రెజిల్ పియానిస్ట్ దియోదాతోది ఒక్క హిట్‌తో ఆగిపోయిన కెరీరేనా?

కాదు. సొంత పేరు మీద పెద్ద హిట్ ఒక్కటే, నిజమే. కానీ ఆయన అసలు పని ఇతరుల ఆల్బమ్‌లలో దాగి ఉంది.

యూమిర్ దియోదాతో రియో డి జనీరోలో పుట్టాడు. చిన్నప్పుడు అకార్డియన్ వాయించేవాడు, తర్వాత పియానోకి మారాడు. 1960ల చివర్లో అమెరికా వెళ్లి జాజ్ రికార్డుల నిర్మాత క్రీడ్ టేలర్‌కి అరేంజర్‌గా, అంటే పాటలో ఏ వాద్యం ఏం వాయించాలో కూర్చేవాడిగా, పనిచేశాడు. బ్రెజిల్ గాయకుడు మిల్టన్ నాసిమెంతో రికార్డు 'కరేజ్', బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ రికార్డు 'స్టోన్ ఫ్లవర్' ఆ రోజులవే.

ఇక ఆ హిట్, 'ఆల్సో స్ప్రాఖ్ జరథుస్త్ర'. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ అదే పేరుతో 1896లో రాసిన, కుబ్రిక్ సినిమా '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'తో జనానికి బాగా పరిచయమైన గంభీరమైన ఆరంభ సంగీతాన్ని తీసుకుని, కింద ఫంక్ (ఊపున్న అమెరికన్ డాన్స్ సంగీతం) లయ పెట్టి, మీద ఎలక్ట్రిక్ పియానో వదిలాడు. బేస్ మీద స్టాన్లీ క్లార్క్, డ్రమ్స్ మీద బిల్లీ కాబమ్, గిటార్ జాన్ ట్రోపియా. 'ప్రెల్యూడ్' ఆల్బమ్‌లో అది తొమ్మిది నిమిషాల ట్రాక్; కుదించిన సింగిల్ 1973లో అమెరికా చార్టులో 2వ స్థానానికి వెళ్లింది, గ్రామీ కూడా వచ్చింది. మాటల్లేని ట్రాక్‌కి ఇంత ఆదరణా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాతి సొంత ఆల్బమ్‌లకి ఆ ఊపు రాలేదు. అయితేనేం, నిర్మాతగా అమెరికన్ ఫంక్ బృందం కూల్ అండ్ ద గ్యాంగ్‌ని మళ్లీ నిలబెట్టాడు: 1981లో నంబర్ వన్ అయిన 'సెలెబ్రేషన్' ఆయన చేతిమీదుగా వచ్చిందే. 1990లలో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ కోసం తీగవాద్యాల కూర్పు చేశాడు. ముందు ఆమె ఆల్బమ్ 'హోమోజెనిక్' వినండి, నా దృష్టిలో ఆయన పనితనం అక్కడే బాగా తెలుస్తుంది.