అర్ధరాత్రి విమానం, హోటల్‌కు కారు

ప్రశ్న: దుబాయ్ నుంచి మా అత్తమామలు రాత్రి రెండింటికి శంషాబాద్‌లో దిగి, గచ్చిబౌలిలోని హోటల్‌కు వెళ్లాలి. కారు ముందే మాట్లాడమంటారా, దిగాక చూసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పెద్దవారు, పైగా అర్ధరాత్రి, ముందే మాట్లాడండి. బుక్ చేసేటప్పుడు దిగే సమయంతో పాటు విమానం నంబరు కూడా ఇస్తే, ఆలస్యమైనా డ్రైవరుకు తెలుస్తుంది. ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ దాటి బయటకు వచ్చేసరికి ఒక్కోసారి గంట పడుతుంది కనుక, వెయిటింగ్ ఎంతసేపు ఉచితమో, ఆ లెక్క విమానం దిగినప్పటి నుంచా, మీరు చెప్పిన సమయం నుంచా అన్నది ముందే తేల్చుకోండి. పేచీలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

గచ్చిబౌలికి సాధారణంగా ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళతారు. దానికి టోల్ ఉంటుంది. (మెహదీపట్నం వైపు వెళ్లేవారికి 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ ఖర్చు లేదు.) టోల్, పార్కింగ్, రాత్రి చార్జీ అన్నీ కలిపి చెప్పిన ధరేనా అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి.

కారు నంబరు ముందే తెప్పించుకోండి. ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటాయి. విద్యుత్తు ట్యాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. డ్రైవరు పట్టుకునే బోర్డు మీద మాత్రం పాస్‌పోర్టులోని పొడవాటి పేరు కాక, మీ మామగారిని అందరూ పిలిచే పేరే రాయించండి. నిద్రమత్తులో కళ్లు వెతికేది దాన్నే. అక్కడి సిమ్ ఇక్కడ పనిచేయకపోవచ్చు కాబట్టి డ్రైవరు, హోటల్ ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి అత్తగారి చేతిసంచిలో పెట్టించండి.