సర్జరీ తర్వాత తిరిగొచ్చిన క్వార్టర్‌బ్యాక్, రష్ రాగానే ఎందుకు తడబడతాడు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ అబ్బాయి చదివే కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్‌కి చీలమండ సర్జరీ అయింది, మూడు వారాలకే మళ్లీ మైదానంలోకి వచ్చాడు, చుట్టూ ఎవరూ లేనప్పుడు బంతి చక్కగా వేస్తున్నాడు, డిఫెన్స్ వాళ్లు మీదకి దూసుకొచ్చేసరికి (దాన్నే రష్ అంటారు) మాత్రం ఆట మారిపోతోంది. కాలు ఇంకా నయం కాలేదా, లేక భయపడుతున్నాడా అని అడిగారు. కింద కామెంట్లలో ఇద్దరు అతన్ని పిరికివాడని తేల్చేశారు. అది చదివాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. కాలు నయం కావడం వేరు, పెద్ద పెద్ద మనుషులు మీదకి దూకుతుంటే ఆ కాలి సంగతి మర్చిపోయి ఆడటం వేరు. మొదటిది కొన్ని వారాల్లో అవుతుంది. రెండోది ప్రాక్టీస్‌లో తేలదు, మ్యాచ్‌లోనే తేలాలి, దానికి ఎక్కువ కాలం పడుతుంది. దీన్ని భయం అనే ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం అన్యాయం.

నేను 2017 నుంచి 2019 చివరి దాకా టస్కలూసాలో, అలబామా యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాను. గుంటూరు నుంచి వెళ్లినవాణ్ణి, నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. కానీ ఆ ఊళ్లో శనివారం వస్తే ఫుట్‌బాల్ తప్ప ఇంకో మాట ఉండదు, బ్రయంట్-డెన్నీ స్టేడియంలో లక్ష మంది కూర్చుంటారు, స్టూడెంట్ టికెట్ దొరికితే వదులుకునేవాడు ఉండడు. నేనున్నప్పుడు అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా టువా టాగోవైలోవా ఆడాడు. కాబట్టి మీరడిగిన విషయం నేను రెండుసార్లు చూశాను, పైగా అదే రకం గాయం నాకూ అయింది.

ముందు టువా సంగతి. 2018 డిసెంబర్ 1న జార్జియాతో జరిగిన ఎస్‌ఈసీ (అలబామా ఆడే లీగ్) ఛాంపియన్‌షిప్‌లో అతని ఎడమ చీలమండకి దెబ్బ తగిలింది. మర్నాడే సర్జరీ చేశారు. నాలుగు వారాలు నిండకుండానే, డిసెంబర్ 29న ఆరెంజ్ బౌల్‌లో, అంటే నేషనల్ సెమీఫైనల్‌లో, ఓక్లహోమా మీద 27 పాస్‌లు వేస్తే 24 అందాయి, 318 గజాలు, 4 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి చేసే స్కోరు). మా అపార్ట్‌మెంట్‌లో అందరం ఇక కాలు బాగైపోయినట్టే అనుకున్నాం. తొమ్మిది రోజుల తర్వాత నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో క్లెమ్సన్ చేతిలో 44-16తో ఓడిపోయారు, టువా రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసుకున్న పాస్‌లు) ఇచ్చాడు. కాలు వల్లే ఓడారని నేననను, క్లెమ్సన్ ఆ రోజు అన్ని రకాలుగా బాగా ఆడింది. నేను చెప్పేదల్లా, ఒక మ్యాచ్‌లో బాగా ఆడినంత మాత్రాన కోలుకున్నాడని ముద్ర వెయ్యకూడదని.

2019 అక్టోబర్ 19న టెన్నెసీ మీద ఆడుతూ ఈసారి కుడి చీలమండకి దెబ్బ తగిలించుకున్నాడు. మళ్లీ మర్నాడే సర్జరీ, నవంబర్ 9న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)తో మ్యాచ్‌కి దిగాడు. మధ్యలో ఇరవై రోజులు.

ఇక్కడ కొంచెం కాలి సంగతి చెప్పాలి. మామూలుగా కాలు లోపలికి మడత పడితే బెణికేది చీలమండ పక్కనుండే లిగమెంట్. టువాకి అయిన హై యాంకిల్ స్ప్రెయిన్ అనేది అది కాదు. మోకాలి కింద రెండు ఎముకలు ఉంటాయి కదా, చీలమండకి కాస్త పైన ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోతాయి లేదా తెగుతాయి. పాదం నేలమీద ఇరుక్కుని బయటివైపు తిరిగినప్పుడు ఇది అవుతుంది. టైట్‌రోప్ అనే సర్జరీలో ఆ రెండు ఎముకలకీ రంధ్రం చేసి, గట్టి దారం లాంటిది దూర్చి, రెండు వైపులా చిన్న లోహపు బొత్తాలతో బిగిస్తారు. టువాకి రెండుసార్లూ చేసింది ఇదే. ఎముకలు విడిపోకుండా అది వెంటనే పట్టి ఉంచుతుంది కాబట్టి మనిషి త్వరగా నడుస్తాడు, తిన్నగా పరుగెత్తుతాడు. కానీ పాదం ఒత్తి పెట్టి పక్కకి తిరగడం, ఒక్కసారిగా ఆగి దిశ మార్చడం చివర్లో గానీ రావు.

ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ పని చూడండి. టువాది ఎడమ చేతి వాటం. అంటే వెనక కాలు ఎడమది, దానితో తొక్కి బలం తీసుకుంటాడు. ముందు కాలు కుడిది, దాని మీదకి బరువంతా తెచ్చి ఆపితేనే నడుము తిరుగుతుంది, బంతి అనుకున్న చోటికి వెళ్తుంది. మనకి ఫాస్ట్ బౌలర్ ముందు కాలు గట్టిగా పడటం ఎంత ముఖ్యమో అలాంటిదే. ముందు కాలిని నమ్మలేకపోతే అడుగు కురచవుతుంది, బంతి దాన్ని అందుకోవాల్సిన రిసీవర్ తల మీదుగా తేలిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ అడుగు జాగ్రత్తగా చూసుకుని వెయ్యొచ్చు. స్నాప్ అయిన (బంతి చేతికొచ్చిన) రెండు మూడు సెకన్లలో పాకెట్, అంటే అతని చుట్టూ సొంత టీమ్‌వాళ్లు కట్టిన గోడ, కూలిపోతుంటే మాత్రం ఒక అడుగు ముందుకి, ఒకటి పక్కకి జరిగి, మళ్లీ కాళ్లు సర్దుకుని వెయ్యాలి. హై యాంకిల్ గాయం అయిన కాలికి అన్నిటికంటే కష్టమైన కదలిక సరిగ్గా అదే. పైగా ఎడమ చేతి వాటమైతే వీపు కుడివైపుకి ఉంటుంది, అటు నుంచి వచ్చేవాడు కనపడడు, ఆ వైపు కాపలా కాసే రైట్ ట్యాకిల్‌ని నమ్ముకుని నిలబడాలి. ఆ ఏడాది టువాకి అక్కడ జెడ్రిక్ విల్స్ ఉన్నాడు, మంచివాడే దొరికాడు.

అంత మాత్రాన ఇదంతా కాలిదే అనుకోకండి. నాకు జరిగింది చెప్తాను.

2018 ఎండాకాలంలో క్యాంపస్ మైదానంలో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడుతుండగా, బంతి కోసం నేనూ ఇంకొకతనూ ఒకేసారి దూకితే అతని బరువంతా నా పాదం మీద పడింది, పాదం బయటికి తిరిగిపోయింది. మొదట వెళ్లిన క్లినిక్‌లో మామూలు బెణుకే, ఐస్ పెట్టుకో, వారంలో తగ్గిపోతుంది అన్నారు. రెండు వారాలైనా మెట్లు దిగలేకపోయాను. ఇంకో డాక్టర్ పిక్కని రెండు వైపులా నొక్కి చూసి, నేను అరిచేసరికి అప్పుడు చెప్పాడు ఇది పైనున్న లిగమెంట్ అని. నాకు సర్జరీ అవసరం పడలేదు. బూట్ వేసుకుని తిరిగి, తర్వాత రెండు నెలలు ఫిజియోథెరపీకి వెళ్లాను.

ఆ ఫిజియో ఆవిడ చేయించిన ఒక ఎక్సర్‌సైజ్ ఇప్పటికీ గుర్తుంది. మెత్తటి ఫోమ్ దిమ్మ మీద ఒంటి కాలి మీద నిలబెట్టేది. అది వారంలో వచ్చేసింది, ముప్పై సెకన్లు కదలకుండా నిలబడుతున్నాను. అప్పుడు ఆవిడ ఎదురుగా నిలబడి నాకు బంతి విసరడం మొదలుపెట్టింది. చూపు బంతి మీదకి వెళ్లగానే కాలు వణికిపోయేది. కాలిని చూసుకుంటే బంతి జారిపోయేది. కాలిలో బలం ఉంది, నొప్పి లేదు, కానీ నా ధ్యాసలో సగం ఆ కాలే తినేస్తోంది. ఆ ధ్యాస బంతికి మళ్లడానికి ఇంకో నెల పట్టింది.

మళ్లీ ఆడటం మొదలుపెట్టిన నెలకి ఒక క్యాచ్ లేచింది. తేలిక క్యాచ్. అటునుంచి ఇంకొకతను పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినపడగానే ఆగిపోయాను, బంతి మా మధ్య పడింది. ఆగాలని నేను అనుకోలేదు. ఒళ్లే ఆగింది. అందుకే ఎవరైనా గాయం నుంచి వచ్చినవాణ్ణి పిరికివాడంటే నాకు బాధేస్తుంది.

ఎల్‌ఎస్‌యూ మ్యాచ్‌కి నేను స్టేడియంలోనే ఉన్నాను. అలబామా మొదటి దాడిలోనే గోల్‌కి దగ్గరగా పరుగెత్తుతుంటే ఎవరూ తాకకుండానే బంతి టువా చేతిలోంచి జారిపోయింది. లక్ష మంది ఒక్కసారి చల్లబడిపోయారు. హాఫ్‌టైమ్ ముందు ఒక ఇంటర్‌సెప్షన్, హాఫ్‌టైమ్‌కి ఎల్‌ఎస్‌యూ 33-13తో ముందుంది. నా కళ్లు బంతిని వదిలేసి అతని కాళ్ల మీదే ఉన్నాయి. మామూలుగా పాకెట్ లోపల ఒక అడుగు ఇటూ ఒక అడుగు అటూ జరిగి తప్పించుకునేవాడు, ఆ రోజు చాలాసార్లు నిలబడిన చోటు నుంచే వేశాడు. అయినా రెండో సగంలో ఎలా ఆడాడంటే, ఓడిన మ్యాచే అయినా నేను చూసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆట అదే. మొత్తం 418 గజాలు, 4 టచ్‌డౌన్లు, చివర్లో డివాంటా స్మిత్‌కి 85 గజాల పాస్. 46-41తో ఓడిపోయారు. కానీ 40 పాస్‌లలో అందినవి 21. ఆ సీజన్ మొత్తం మీద అతని పాస్‌లు నూటికి 71 అందేవి. నాకు గాయం తాలూకు తేడా కనిపించేది ఆ అంకెలోనే. అవతల ఉన్నది ఆ ఏడాది ఛాంపియన్ అయిన టీమ్, ఆ సంగతీ మర్చిపోకూడదు.

ప్రాక్టీస్‌లో తేలదని ఎందుకన్నానంటే, కాలేజీ ప్రాక్టీస్‌లో క్వార్టర్‌బ్యాక్‌కి వేరే రంగు జెర్సీ వేస్తారు, అతన్ని ఎవరూ కొట్టకూడదు. రష్ వచ్చినా దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అతని ఒంటికీ తెలుసు. వారమంతా బాగా వేశాడని కోచ్ చెప్పేది నిజమే అయినా, ఆపకుండా వచ్చే మనిషి ముందు ఏమవుతుందో శనివారం దాకా కోచ్‌కి కూడా తెలియదు.

ఎల్‌ఎస్‌యూ మ్యాచ్ అయిన వారానికే స్టార్క్‌విల్‌లో మిసిసిపీ స్టేట్ మీద అలబామా 35-7తో ముందుంది, హాఫ్‌టైమ్ దగ్గరపడింది. టువా ఆడతాడో లేదో ఆ రోజు దాకా ఖాయం కాలేదు. ఎడమవైపు పరుగెత్తుతూ బంతి వేస్తుంటే ఇద్దరు మీద పడ్డారు, కుడి తుంటి కీలు తప్పింది, ఆ కీలు గుంట వెనక గోడ ఎముక విరిగింది. కారు ప్రమాదాల్లో మోకాలు ఎదురుగా ఉన్న డాష్‌బోర్డ్‌కి గుద్దుకున్నప్పుడు అయ్యే రకం గాయం అది. రెండు రోజుల్లో హ్యూస్టన్‌లో సర్జరీ. అతని కాలేజీ ఆట అక్కడితో అయిపోయింది. చీలమండ వల్లే ఇది జరిగిందనడం తప్పు, ఇద్దరు అలా పడితే ఎవరికైనా అవుతుంది. కానీ 28 పాయింట్ల ఆధిక్యం ఉన్నప్పుడు, వారం ముందే తిరిగొచ్చిన కుర్రాణ్ణి ఇంకా ఎందుకు ఆడించారన్న బాధ నాకు ఇవాళ్టికీ పోలేదు. ప్రొఫెషనల్ టీమ్ మయామీ డాల్ఫిన్స్ 2020 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) అతన్ని అయిదో పిక్‌గా తీసుకుంది, ఆ అక్టోబర్‌కి మళ్లీ ఆడాడు, అంటే దాదాపు పదకొండు నెలలు.

మీరు చూస్తున్న కుర్రాడి విషయానికొస్తే, సర్జరీ అయి మూడు వారాలే కాబట్టి ఇప్పుడే తీర్పు చెప్పకండి. తర్వాతి మ్యాచ్‌లో థర్డ్ డౌన్ (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) వచ్చినప్పుడు బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి. రష్ వస్తుంటే చూపు రిసీవర్ల మీదే ఉండి, బంతి మాత్రం ఎత్తుగానో కురచగానో పోతుంటే అది కాలు, సమయమిస్తే సర్దుకుంటుంది. బంతి చేతిలో ఉండగానే తల దించి మీదకొచ్చేవాళ్లని చూస్తుంటే, ఎవరూ దగ్గరికి రాకముందే పాకెట్ వదిలి పరుగెత్తుతుంటే అది నాకు క్యాచ్ దగ్గర జరిగిందే. అప్పుడు కోచ్ త్వరగా చేతిలోంచి పోయే చిన్న పాస్‌లు ఎక్కువ ఇస్తే కుర్రాడు నాలుగు దెబ్బలు తక్కువ తింటాడు, కాలి మీద నమ్మకం కూడా మెల్లగా వస్తుంది. గాయమైంది ముందు కాలో వెనక కాలో, కుర్రాడిది ఏ చేతి వాటమో తెలిస్తే ఇక్కడే రాయండి, మ్యాచ్ చూసి నాకనిపించింది చెప్తాను.