వీధిలోని ఫోన్లన్నీ కలిపి తుపాను దారి లెక్క కట్టగలమా?

ప్రశ్న: మా వీధిలోనే యాభై అరవై స్మార్ట్‌ఫోన్లు రాత్రంతా ఛార్జింగ్‌లో ఊరకే పడి ఉంటాయి. ఒకే పనిని అనేక కంప్యూటర్లకు పంచే గ్రిడ్ కంప్యూటింగ్ పద్ధతిలో వీటిని కలిపి, తిత్లీ వంటి తుపాను ఎక్కడ తీరం దాటుతుందో మనమే లెక్క కట్టుకోలేమా?
— డిగ్రీ విద్యార్థిని, పలాస

జవాబు: ఫోన్లను కలపడం సాధ్యమే గాని, మీరు కోరిన లెక్కకు అవి పనికిరావు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు 1999లో సెటి ఎట్ హోమ్ పథకం ప్రారంభించి, గ్రహాంతర జీవుల జాడ వెతికేందుకు అంతరిక్షం నుంచి అందిన రేడియో సంకేతాలను ముక్కలు చేసి లక్షలాది ఇళ్లలోని కంప్యూటర్లకు పంచిపెట్టారు. ఇలా పని పంచిపెట్టేందుకు అక్కడే తయారైన బాయింక్ సాఫ్ట్‌వేర్ 2013లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. ఫోను ఛార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ దాదాపు నిండి, వైఫై అందినప్పుడే అది పని అందుకుంటుంది. గడువులోగా జవాబు రాని ముక్కను సర్వరు, అంటే పని పంచే కేంద్ర కంప్యూటరు, మరొకరికి పంపుతుంది.

మీ ఊళ్లో జీడిపప్పు పొర తీసే పని చూసే ఉంటారు. ఎవరి బుట్ట వారిది; ఒకరు మధ్యలో లేచి వెళ్లినా పక్కవారి చెయ్యి ఆగదు. సెటి పని అటువంటిది. తుపాను లెక్క మాత్రం ఒడ్డున పెద్దవల లాగడం వంటిది. వాతావరణాన్ని గడులుగా విభజించి, ఒక్కో గడిలో పీడనం, గాలి, తేమ కొద్దిసేపటికి ఎలా మారతాయో గణిస్తూ పోతారు. ప్రతి అంచెలోనూ పక్కగడుల జవాబు అందితే తప్ప ఈ గడి ముందుకు సాగదు కనుక, ఒక్క ఫోను ఆలస్యమైనా మిగిలినవన్నీ తాడు పట్టుకుని నిలబడిపోవలసిందే. అందుకే 2018లో పుణెలో నెలకొల్పిన ప్రత్యూష్ వంటి సూపర్ కంప్యూటర్లలో వేలాది ప్రాసెసర్లను ఒకేచోట చేర్చి, అతివేగంగా మాట్లాడుకునేలా అనుసంధానిస్తారు. పైగా ఈ ఫోన్లకు కరెంటు కావాలి; 2018 అక్టోబరు 11న తిత్లీ విరుచుకుపడ్డాక ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో మీకు నేను చెప్పనక్కరలేదు.

నా దృష్టిలో ఫోను సత్తా లెక్క కట్టడంలో కన్నా పసిగట్టడంలో ఉంది. గూగుల్ 2020లో ప్రారంభించి 2023లో మన దేశానికి తెచ్చిన భూకంప హెచ్చరిక వ్యవస్థ మీ ఊహకు దగ్గరి బంధువు: ఛార్జింగ్‌లో కదలకుండా ఉన్న ఫోను ప్రకంపనను గుర్తించి కబురంపుతుంది, ఒకే ప్రాంతంలోని అనేక ఫోన్లు అదే మాట చెబితేనే సర్వరు దాన్ని నిర్ధారిస్తుంది. కొన్ని ఫోన్లలో వాయుపీడనం కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. మీ ఫోనులో ఉంటే, ఈసారి వాయుగుండం పట్టినప్పుడు గంటగంటకూ ఆ అంకె రాసి చూడండి. అయితే ఒక అంతస్తు ఎక్కితేనే పీడనం సుమారు 0.35 మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది కాబట్టి, ఫోనును ఒకే బల్ల మీద ఉంచాలి.