పాత టెక్స్ట్ అడ్వెంచర్ గేములకు మనం టైప్ చేసిన ఇంగ్లిష్ నిజంగా అర్థమయ్యేదా?

లేదు, బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచే ఈ గేములు టైప్ చేసిన మాటలను తమలో ఉన్న చిన్న పదాల పట్టికతో పోల్చి చూసుకునేవి, అంతే. 1976 నాటి 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' ఒకటి రెండు పదాల ఆదేశాలే తీసుకునేది. 'గెట్ ల్యాంప్' అని కొడితే దీపం మీ చేతికొస్తుంది. పైగా ప్రతి పదంలో మొదటి ఐదు అక్షరాలే చూసేది. అది నడిచిన పీడీపీ-10 కంప్యూటర్ మెమరీలో ఒక్కో గడిలో పట్టేవి ఐదే మరి! అందుకే 'నార్త్‌ఈస్ట్' అని పూర్తిగా కొడితే దానికి 'నార్త్' లాగే కనిపించేది, 'ఎన్ఈ' అని కొట్టాల్సిందే.

దీన్ని తొలినాటి చాట్‌బాట్ అనుకుంటారేమో. కాదు, జవాబులన్నీ ప్రోగ్రామర్లు ముందే రాసిపెట్టినవి. తర్వాత వచ్చిన 'జోర్క్' పొడవాటి వాక్యాలు తీసుకున్నా, జవాబులు మాత్రం అలా రాసిపెట్టినవే.