అందరూ ఒకే పంక్తిలో కూర్చోండి

తెనాలి

చిరంజీవి సౌభాగ్యవతి స్వాతికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. మీరందరూ కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఇక మీదట ప్రతి ఆదివారం రాత్రి మీ మరిది కుటుంబమూ, మీ ఆడపడుచు కుటుంబమూ మీ ఇంటికే భోజనానికి వచ్చేటట్లు ఏర్పాటు చేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎవరి కాపురాలు వాళ్ళవైపోయిన అన్నదమ్ములనూ చెల్లెలినీ వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆలోచన ఇంటి కోడలికి రావడం మీ అత్తమామల అదృష్టం. మా ఇంటి పిల్లకు ఆ బుద్ధి పుట్టినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. బ్యాంకు ఉద్యోగం, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, షుగరు ఉన్న మామగారు, అర్ధరాత్రి దాకా ఆఫీసు ఫోన్లలో ఉండే భర్త, వీటన్నిటి మీదా పదముగ్గురికి వంట అంటే అది ఎవరి నెత్తిన పడుతుందో నాకు తెలుసు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

రోజు మంచిదే ఎంచుకున్నావు. శనివారమైతే మీ అత్తగారు ఒంటిపూట ఉంటారు, ఆమె ఫలహారం చేస్తుంటే తక్కినవాళ్ళు విందు తినడం బాగుండదు. కార్తీక మాసంలో మాత్రం మాంసం మాట ఎత్తకు. ఇక వేళ సంగతి. మీ ఆడపడుచు ఎల్బీనగర్ నుంచి రావాలి. అక్కడి నుంచి మియాపూర్ దాకా మెట్రో దారి 29 కిలోమీటర్లు, రైల్లోనే దాదాపు గంట పడుతుంది, ఆపైన నిజాంపేటకు ఆటో. తెల్లవారితే పిల్లలకు బడి. కాబట్టి ఏడింటికల్లా కంచాలు వేయాలి, ఎనిమిదిన్నరకు వాళ్ళు బయలుదేరాలి. త్వరగా తింటే మీ మామగారికీ మంచిది. ఆయనకు అన్నం తగ్గించి రెండు జొన్నరొట్టెలు పెట్టు. నెలలో ఒక ఆదివారం మీరే ఎల్బీనగర్ వెళ్ళండి, లేకపోతే దూరమంతా ఒక్కరికే అయిపోతుంది.

బియ్యం పెద్దవాళ్ళకు తలకు నూరు గ్రాములు వేసుకుంటే పిల్లలతో కలిపి కిలోంపావుకు మించదు. పప్పుకు పావుకిలో పైచిలుకు కందిపప్పు చాలు, కోడికూర అయితే రెండు కిలోలు. పదార్థాలు తగ్గించు. ముద్దపప్పు, ఉల్లిపాయ పులుసు, బెండకాయ వేపుడు, అప్పడాలు, పెరుగు ఉంటే అది నిండు భోజనమే. ఒక వారం పులిహోర, చక్రపొంగలి చేసి ఊరుకో. ఇంకో వారం ఆ పూటకు పెసరట్లు, ఉప్మా చాలు, పెసలు మధ్యాహ్నం నానబోస్తే సాయంత్రానికి రుబ్బుకోవచ్చు. ప్రతి వారం కొత్త వంట చూపించాలని పోటీ పెట్టుకోకు. వచ్చేవాళ్ళు మీ అత్తగారి పిల్లలు, పెళ్ళివారు కారు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది చెబుతాను, నిదానంగా చదువు. మా అత్తవారింట్లో కూడా ఇలాగే ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ఉండేవి. నలుగురు కొడుకులూ కోడళ్ళూ పిల్లలూ ఎక్కడున్నా ఆ పూటకు పల్లెకు చేరాలన్నది మా మామగారి నియమం. నేను మూడో కోడలిని. వంట మాత్రం మా పెద్ద తోటికోడలిది. అక్కయ్య చేతివంటకు పేరు ఉండేది, ఆ పేరే ఆమెకు శాపమైంది. తెల్లవారుజామునే లేచి పొట్టు పొయ్యి కూరి వెలిగించేది. మేము చేరేసరికి పదకొండవుతుంది, అప్పటికి సగం వంట అయిపోయేది, మిగిలిన సగంలో మమ్మల్ని చేయి పెట్టనిచ్చేది కాదు. మొదటి పంక్తి మగవాళ్ళది, రెండోది పిల్లలది, మూడోది మాది. ఆమె మాత్రం ఏ పంక్తిలోనూ కూర్చునేది కాదు, ఇంకొకరికి నెయ్యి కావాలి, ఇంకొకరికి మజ్జిగ కావాలి అని నిలబడే ఉండేది.

ఒకనాడు మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. అక్కయ్య గోడకు జేరగిలబడి, పులుసు గిన్నెలోనే అన్నం వేసుకుని, అడుగున అంటుకున్న పులుసును ఆ అన్నంతో తుడుచుకుని తింటోంది. కూర గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉంది. "కూర ఏదక్కయ్యా" అన్నాను. "పొయ్యి దగ్గర నిలబడితేనే కడుపు నిండిపోతుందే, నాకు ఆకలి ఉండదు" అంది. ఇంట్లో అందరికీ ఆ మాట తెలుసు, అందరూ నమ్మారు. ఇంటిల్లిపాదీ చేసిన పొరపాటు అదే. ఆకలి లేదన్న మనిషిని పక్కన కూర్చోబెట్టి ఒక్క ముద్ద తినిపించే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఒక సంక్రాంతి దాటిన ఆదివారం చారు గిన్నె దించుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. చారు పక్కకు ఒలికింది కనుక ముంజేయి వరకే కాలింది. గుంటూరులో డాక్టరు పరీక్ష చేయించి, ఒంట్లో రక్తం ఏడు గ్రాములే ఉందనీ, ఇది ఇవాళ మొదలైంది కాదనీ చెప్పారు. పదిమందికి అన్నం పెట్టే ఇంట్లో పెట్టే మనిషికి రక్తం లేదు. ఆ కాలం పోయిందని అనుకోకు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, మీ తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. దానికి కారణాలు చాలా ఉంటాయి, అందరూ తిన్నాక మిగిలింది తినడం వాటిలో ఒకటి. నువ్వు రక్తపరీక్ష చేయించుకుని ఎంతకాలమైంది? ఈ నెలలోనే చేయించుకుని ఎంత ఉందో నాకు చెప్పు.

అక్కయ్య మంచాన పడ్డాక ఇంకొకటి బయటపడింది. మరుసటి ఆదివారం మేము ముగ్గురం వంటింట్లో నిలబడ్డాము కానీ చింతపండు ఏ జాడీలో ఉందో, ఎన్ని సోలల బియ్యం పోయాలో, పాలవాడికి ఎంత బాకీయో, పప్పు ఎప్పుడు నిండుకుందో మాలో ఒక్కరికీ తెలియదు. అదంతా ఆమె తలలోనే ఉండేది. వంట రెండున్నరకు తెమిలింది, మామగారికి పొద్దుపోయింది, మగవాళ్ళు విసుక్కున్నారు. ఆపైన ఒక వారం ఒకరికి పని పడింది, ఇంకో వారం ఇంకొకరి పిల్లవాడికి జ్వరం వచ్చింది. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు, ఊరికే మానేశారు. మామగారు ఆదివారం పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని "ఇవాళ కూడా ఎవరూ రారా" అని అడిగేవారు. తర్వాత తర్వాత అన్నదమ్ములు కలుసుకున్నది పెళ్ళిళ్ళలోనూ, పొలం పంచుకున్నప్పుడూ మాత్రమే.

అందుకని మొదటి ఆదివారమే, అలవాటు పడకముందే, పనులు పంచు. అల్లుడుగారికి వంటింటి పని రాదని నువ్వే ముచ్చటగా చెప్పుకుంటావట, ఆ మాట ఇక మానుకో. కుక్కరులో అన్నం పెట్టడం, చారు కాచడం ఎవరైనా రెండు వారాల్లో నేర్చుకుంటారు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని లెక్క తేలింది. నువ్వు ఆ 299 నిమిషాల మీద బ్యాంకులో కూడా పని చేస్తున్నావు. సంతకు వెళ్ళడం, మాంసం తేవడం, అన్నం, చారు ఆయనవి. గిన్నెలు మీ మరిదివి, పనిమనిషి ఆదివారం సాయంత్రం రాదు కదా. మీ ఆడపడుచు ఒక వేపుడో తీపో ఇంటి దగ్గరే చేసి తెస్తుంది. వద్దమ్మా అని మొహమాటపడకు, పుట్టింటికి ఒక గిన్నె పట్టుకురావడం ఆడపిల్లకు సంతోషం. గోంగూర దూయడం, చిక్కుడుకాయలు ఒలవడం మీ మామగారికి ఇవ్వు. పెద్దవాళ్ళను ఊరికే కూర్చోబెట్టడం మర్యాద అనుకుంటాము, వాళ్ళకు అది భారం. పిల్లలు కంచాలు, మంచినీళ్ళు పెడతారు.

మీ పిల్లలు చిన్నవాళ్ళని అనకు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు నీకు ఆరేడేళ్ళు ఉంటాయేమో, ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడిచి జీడి తీసే పని నీకే ఇచ్చేదాన్ని. ఒక్క ముక్కలో కూడా తడి ఉండేది కాదు. జాడీకి వాసెన కట్టేటప్పుడు గుడ్డ ఒక కొస నువ్వే పట్టుకోవాలని ఏడ్చేదానివి.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం, వడ్డించడానికని ఎవరూ నిలబడకూడదు. మీ బల్లకు పదముగ్గురు పట్టరు కనుక హాల్లో చాపలు పరిచి, గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, మీ అత్తగారికీ మామగారికీ చెరొక కుర్చీ వేసి, నువ్వూ వాళ్ళతో పాటే కంచం ముందు కూర్చో. మీ అత్తగారు మొదట్లో ఏదైనా అంటే నా పేరు చెప్పు, పెద్దమ్మ మాట తీసుకుందని చెప్పు. పిల్లలు పరుగెత్తుతుండగా వేడి గిన్నెలు మాత్రం తేవద్దు. అందరూ కూర్చున్నాకే కుక్కరు కదిలించండి.

మిగిలిన అన్నం విషయంలో జాగ్రత్త. ఆ కబుర్లలో పడి రాత్రంతా గట్టు మీద వదిలేస్తారు. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని అన్నంలో ఉంటాయి, గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి విషం పుట్టిస్తాయి, దాన్ని మళ్ళీ వేడి చేసినా పోదు. పళ్ళెంలో పలుచగా పరిచి చల్లార్చి రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టించు. పదకొండింటికి గుర్తొచ్చిన అన్నాన్ని చూసి జాలి పడకు, పారేయించు.

వారం మధ్యలో పెద్ద పనేమీ లేదు. గురువారం రాత్రి తిన్నాక పది నిమిషాలు అందరూ కూర్చుని ఆదివారానికి ఏమేమి వండాలో, ఎవరు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. రాసేది నువ్వు కాకూడదు, మీ పెద్దవాడి చేత రాయించు, అక్షరాలు కూడా కుదురుతాయి. సరుకుల చీటీ కూడా పక్కనే ఉండాలి. డబ్బా అడుగు కనబడ్డాక కాదు, పావు వంతుకు దిగినప్పుడే ఎవరు చూస్తే వాళ్ళు రాయాలి. గ్యాస్ బండ మార్చిన రోజే రెండోది బుక్ చేయండి. కూరగాయలు శనివారం పొద్దున రైతుబజారులో కొనిపించు. 1999లో అవి పెట్టినప్పటి నుంచి నేను తెనాలిలో ఇంకో చోట కొనలేదు, ధరల బోర్డు ఉంటుంది కనుక అల్లుడుగారు బేరం ఆడనవసరం లేదు. ఆకుకూరలు పొడిగుడ్డలో చుట్టిపెడితే ఆదివారానికి వాడవు. ఆదివారం మధ్యాహ్నం గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన పిండి కలిపి పెడితే సోమవారం టిఫిను గురించి తెల్లవారుజామున లేవనక్కరలేదు.

నీకు ఒంట్లో బాగులేని ఆదివారం భోజనాలు మానవద్దు, నువ్వు వంట మానెయ్యి. పెరుగన్నం, ఆవకాయ పెట్టుకుని తిన్నా అది మీ ఆదివారమే. ఆ పూటకు కాగితం చూసి మిగతావాళ్ళు చేయగలిగితే నీ ఏర్పాటు నిలబడినట్లు.

కందిపొడి, కరివేపాకు పొడి చెరి అరకిలో, కొత్త చింతపండు రెండు కిలోలు మీ తమ్ముడి చేత పంపిస్తున్నాను. చింతపండులో గింజలు తీసి ఉప్పు చల్లాను, గాజు సీసాలోనే పోసుకో. సీసాల మీద పేర్లు రాసి అతికించు. మీ అత్తగారికీ మామగారికీ నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. రక్తపరీక్ష సంగతి మరిచిపోకుండా రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ